చర్ల ఫస్టు సర్వీసు: క్రిటికల్

భద్రాచలం దాటి చర్ల వైపు అడవిలోకి పోయే ఆ దారి మొత్తం మీద, టెలిఫోన్లకు సర్వీస్ అలారం అనేదాన్ని పెట్టిన మొదటి మనిషిని నేనే. ఆ అలారం మోగిన రోజున, వాగు నీళ్లు జీపు బానెట్ మీదుగా పారుతుంటే, ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఊడిపోబోతున్న తలుపూ పట్టుకుని అవతలి ఒడ్డు చేరి ఒక తల్లినీ బిడ్డనూ కాపాడింది కూడా నేనే. నమ్మనివాళ్లు మా ఇంటికి రావచ్చు. ప్రశంసాపత్రం ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను.

ఈ కథ ఇలాగే పాతికేళ్ల పైన చెబుతున్నాను. చెప్పినప్పుడల్లా ఆ వాగులో నీళ్లు ఒక జానెడు పెరిగాయి. మొదట్లో టైర్లు సగం మునిగేవి. మా మనవరాలి పెళ్లిలో చెప్పేసరికి బానెట్ ఎక్కాయి. ఇంకో రెండేళ్లు ఇలాగే చెబితే జీపులోకి మొసలి కూడా వచ్చేదే. కానీ నిరుడు ఆ కథలోని అసలు మనిషి పోయాడు. ఇక అడ్డుచెప్పేవాడు లేడు, హాయిగా ఇంకో రెండు జానలు పెంచుకోవచ్చు అనుకున్నాను. తీరా చూస్తే, అడ్డుచెప్పేవాడు లేనప్పుడు అబద్ధం చెప్పడంలో రుచి లేకుండా పోయింది.

అతను భద్రాచలంలో మా టెలిఫోను ఎక్స్చేంజిలో టెక్నీషియను. నేను అతని పై అధికారిని. అంటే పని అతను చేస్తే సంతకం నేను పెట్టేవాణ్ణి. మా పెద్దవాళ్లు కృష్ణా జిల్లా నుంచి తల్లాడ పక్కకొచ్చి పొలాలు చేసుకున్నవాళ్లు. అతని తండ్రి కొత్తగూడెం వైపు బొగ్గు బాయిలో పనిచేశాడు. నేను మాట్లాడేది అతనికి సినిమా మాటల్లా ఉండేదట. అతను మాట్లాడేది నాకు సగం అర్థమయ్యేది కాదు. ఆ మిగతా సగంలో అతను నన్ను ఏమేం అన్నాడో ఇప్పుడు ఎవర్నడగాలి?

సన్నటి మనిషి. చెవి మీద ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు, వడ్రంగి పెన్సిలు పెట్టుకున్నట్టు. పొద్దున రాగానే చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, టెస్టు బల్ల మీది ఫోను ఎత్తి, కళ్లు మూసుకుని డయల్ టోను వినేవాడు. నిమిషం సేపు. కచేరీకి ముందు తంబురా వినే పాటగాడిలా తల ఊపేవాడు.

"ఎట్లా ఉందయ్యా?" అనేవాణ్ణి.

"సుతి కుదిరింది సార్."

ఒకనాడు కళ్లు తెరిచి, "కొంచెం కీచుగుంది సార్, బ్యాటరీ దిగినట్టుంది" అన్నాడు. మీటరు పెట్టి చూస్తే నిజంగానే దిగింది. అతను రోజూ చెవితోనే బ్యాటరీ కొలిచేవాడని నేను చాలామందికి చెప్పాను. రోజూ కాదు. జరిగింది ఒక్కసారే. రెండోసారి కూడా అన్నాడు గానీ అప్పుడు బ్యాటరీ బాగానే ఉంది, అతనికి జలుబు చేసింది.

తొంభైల నడిమిలో మాకో కొత్త టెర్మినల్ వచ్చింది. ఆకుపచ్చ అక్షరాల తెర, కిర్రుమని కాగితం కక్కే ప్రింటరు, పైన ఎర్ర బల్బు, దాని పక్కన బజరు. మా కింద అడవిలో చిన్న చిన్న ఎక్స్చేంజీలు ఏడుండేవి. ఒక్కోటి ఒక గది, ఆ గదిలో ఒక బీరువా అంత యంత్రం. ఎక్కడ ఏం చెడినా ఇక మనం కదలకుండానే ఇక్కడ తెలుస్తుందన్నారు. తెలిసింది కూడా. మోత భరించలేనంతగా తెలిసింది. ఎందుకంటే వచ్చేటప్పుడే దానికి అన్నీ క్రిటికలే. కరెంటు పోతే బజరు. తలుపు తీస్తే బజరు. తలుపు వేస్తే ఎందుకు వేశావని బజరు. ములకలపల్లి నుంచి మా ఆఫీసుకు బదిలీ మీద వచ్చిన గుమాస్తా ఒకాయన మొదటి రోజే ఆ మోతకు బెదిరి, తిరుగు బదిలీకి అర్జీ పెట్టుకున్నాడు. నాలుగో రోజున ఎవరో ఆ బజరు నోట్లో దూది కుక్కారు. ఎవరో ఏమిటి, నేనే.

అతను దూది చూశాడు. తీసి జేబులో వేసుకున్నాడు.

"సార్, మా నాయిన బాయిల చేసేటప్పుడు రోజుకు మూడుసార్లు సైరన్ కూసేది. దానికి ఎవ్వరు తలకాయ ఎత్తకపోయేది. టైము గాని టైముల ఒక్కసారి కూసిందనుకోండ్రి, కాలనీల ఉన్నోళ్లందరు ఎక్కడి గిన్నెలు అక్కడ పడేసి ఉరికేది. దీనికి గూడ ఎప్పుడు ఒర్రాల్నో నేర్పాలె. దూది పెడితె ఏమొస్తది?"

అప్పుడే పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మీ కింది ఎక్స్చేంజీలకు సర్వీస్ అలారాలు కాన్ఫిగర్ చేసి పంపండి అని. దానికో ఫారం. సర్వీసు పేరు, ఏం జరిగితే చెడినట్టు, అలారం స్థాయి, ఎవరికి చెప్పాలి, ఇలా గడులు. స్థాయిలు మూడు. మైనరైతే కాగితం మీద అచ్చు పడి ఊరుకుంటుంది. మేజరైతే పసుపు బల్బు. క్రిటికలైతే ఎర్ర బల్బూ బజరూ. నేను ఇంగ్లీషులో ఇదంతా వివరిస్తుంటే అతను మధ్యలో అందుకున్నాడు.

"అంటే గునుగుడు, ఏడ్సుడు, ఒర్రుడు. గంతేగద సార్?"

అంతే. ఆ రోజు నుంచి మా ఆఫీసులో మైనరు, మేజరు అనే మాటలు చచ్చిపోయాయి. "సార్, ఏడో నంబరు పొద్దుగాలసంది గునుగుతాంది" అనేవాళ్లు స్టాఫు. పై ఆఫీసుకు ఫోనులో నేనే ఒకసారి "రెండు ఏడుస్తున్నాయండీ" అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆ ఏడింటిలో ఒకటి చర్ల దాటాక ఉన్న ఊళ్లోది. ఊరి పేరు రాయను, అక్కడ నా మీద ఇంకా కోపం తగ్గనివాళ్లున్నారు. ఆ ఊళ్లో ఒక చిన్న దవాఖానా. డాక్టరు వారానికి రెండు రోజులు వస్తాడు. మిగతా రోజులు నర్సమ్మే అన్నీ. చుట్టూ గూడేల నుంచి కాన్పులు, జ్వరాలు, పాముకాట్లు ఆమె దగ్గరికే వచ్చేవి. చెయ్యి దాటితే భద్రాచలానికి ఫోను చేసి జీపు పిలిపించుకోవాలి. ఫోను ఒక్కటే. అంతకుముందు వానాకాలంలో ఆ లైను తొమ్మిది రోజులు చచ్చి పడుంది. మాకు తెలియదు. ఫోను పోయిందని చెప్పాలంటే ఫోను కావాలి కదా! పదో రోజున ఆ నర్సమ్మే బస్సెక్కి వచ్చి, తడిసిన గొడుగుతో నా బల్ల ముందు నిలబడింది.

"ఈ తొమ్మిది దినాలల్ల నాకు జీపు పనిబడలే సార్. పడితె ఏం జేసేదాన్ని చెప్పుండ్రి?"

నోట్ చేసుకున్నానని చెప్పాను. నోట్ చేసుకున్న మాట నిజం.

ఇతనికి మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఉత్తర్వు రాగానే అన్నాడు, "సార్, ఆ దవాఖానా లైనుకు ఒర్రుడు పెడదాం."

ఒక్క లైను పోతే మైనరేననీ, ఎనిమిది కలిసి పోతే గానీ క్రిటికల్ పెట్టకూడదనీ, అది రూలనీ నేను ఓపిగ్గా వివరించాను. "ఒక్క లైనుకు క్రిటికల్ పెడితే పైవాళ్లు నన్ను క్రిటికల్లో పెడతారయ్యా."

"అవ్ సార్" అన్నాడు.

అతను "అవ్ సార్" అంటే ఒప్పుకున్నాడని అర్థం అనుకునేవాణ్ణి.

పది రోజులు ఊళ్లు తిరిగి ఏడు ఫారాలు నింపి తెచ్చాడు. నేను చదివి సంతకం పెట్టాను అని ఇన్నాళ్లూ చెప్పాను. చదవలేదు. అతని రాత చీమల బారులా ఉండేది, నా కళ్లజోడు ఇంట్లో ఉంది. అవి పైకి వెళ్లాయి, అక్కడ ఎవరో గుమాస్తా ఉన్నది ఉన్నట్టు యంత్రంలో కొట్టేశాడు. వారం తిరక్కుండా ఒక పొద్దున నేను టీ గ్లాసు ఎత్తానో లేదో, ఎర్ర బల్బు వెలిగి బజరు గీపెట్టింది. తెర మీద ఒకటే లైను: చర్ల ఫస్టు సర్వీసు, క్రిటికల్.

"ఏమిటయ్యా ఇది?"

"ఇయ్యాల బస్సు లేటు సార్."

"బస్సా?"

"సర్వీస్ అలారం పెట్టమన్నరు గద. సర్వీసు పేరు రాయమని గడిచ్చిండ్రు. ఆ ఊరికి ఉన్నదే ఒక్క సర్వీసు, పొద్దుగాల ఆరింటిది. గదే రాసిన."

ఇంగ్లీషువాళ్లకు సర్వీసంటే ఏమైనా కావచ్చు. మా వైపు మనిషిని ఎవర్నైనా అడగండి, సర్వీసంటే బస్సే. "ఫస్టు సర్వీసు పోయిందా?" అంటే "లేదు, కండక్టరు పళ్లు తోముకుంటుండు" అని జవాబొస్తుంది. నేను నవ్విన నవ్వుకు టీ ఒలికి హాజరు పట్టీ తడిసింది. తప్పు దిద్దమని రాయాలంటే నేను చదవకుండా సంతకం పెట్టిన సంగతి బయటపడుతుంది. అందుకని దిద్దలేదు.

తీరా అతను చేసిన ఏర్పాటు చూస్తే నవ్వు ఆగింది. రాత్రికి ఆ ఊళ్లో నిలిచే బస్సు పొద్దున ఆరింటికి దవాఖానా ముందు నుంచి బయల్దేరుతూ మూడు హారన్లు కొడుతుంది. హారను వినగానే నర్సమ్మ ఇక్కడున్న ఒక ఫోనుకు రెండు రింగులిచ్చి పెట్టేస్తుంది. బస్సు లేకపోతే గడియారం చూసి కొడుతుంది. ఆ ఫోనుకు ఇతను ఎక్కడో పారేసిన పాత రిలే స్విచ్చు ఒకటి, వీధిదీపాల టైమరు ఒకటి కలిపి, వాటిని టెర్మినల్‌లో ఖాళీగా ఉన్న ఒక అలారం పాయింటుకు తగిలించాడు. ఏడున్నర లోపు రింగు వస్తే యంత్రం నోరు మూసుకుంటుంది. రాకపోతే ఒర్రుతుంది. రోజుకొకసారి "నేను బతికే ఉన్నా" అని లైను చేత చెప్పించడమన్నమాట. ఆ మొదటి రోజున కండక్టరు గడియారం ఆగిపోయి బస్సు ఆలస్యమైతే, హారను కోసం చూస్తూ నర్సమ్మ కూడా ఆలస్యం చేసింది. ఆ తర్వాత ఆమె హారనును నమ్మలేదు.

దీనివల్ల నాకు కొత్త ఉద్యోగం పడింది. బస్సు వచ్చేదీ రానిదీ టెలిఫోనువాళ్లకు తెలుస్తుందట అని ఊరంతా పాకింది. బస్టాండులో నిలబడ్డవాళ్లు మా ఎక్స్చేంజికి ఫోను చేసి, "సార్, చర్ల ఫస్టు సర్వీసు బయలెల్లిందా?" అని అడగడం మొదలుపెట్టారు. ఒక పెద్దమనిషి కిటికీ దగ్గర సీటు ఆపి పెట్టమన్నాడు.

ఆరునెలలకు హైదరాబాదు నుంచి ఒక పెద్దాఫీసరు తనిఖీకి వచ్చాడు. తెర మీద అలారాల జాబితా చూస్తూ చూస్తూ ఒకచోట ఆగాడు.

"ఈ చర్ల ఫస్ట్ సర్వీసు ఏమిటి? ఏ రకం సర్వీసు?"

"అదొక స్పెషల్ సర్వీసు సార్" అన్నాను.

వెనకనుంచి ఇతను, "బస్సు సార్" అన్నాడు.

"బస్సుకూ మనకూ ఏం సంబంధం?"

"సర్వీసంటే బస్సే గద సార్. రాస్తె తప్పయితదా?" అని చెవి మీది స్క్రూడ్రైవరు తీసి, బడిలో పలక పట్టుకున్న పిల్లాడిలా రెండు చేతులతో పట్టుకుని అమాయకంగా నిలబడ్డాడు.

ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ నవ్వాడు. నవ్వులో పడి దాన్ని తీసేయమని చెప్పడం మరిచిపోయాడు. తనిఖీ నివేదికలో "సర్వీస్ అలారాలు సంతృప్తికరం" అని రాసి వెళ్లాడు.

ఇక ఆ రోజు సంగతి.

శ్రావణంలో నాలుగు రోజులుగా ముసురు. పొద్దున ఏడున్నరకు బజరు మోగింది. ఇతను బస్టాండుకు ఫోను చేశాడు. దారిలో వాగు పొంగింది, చర్ల వైపు బస్సులేవీ కదల్లేదు అన్నారు. నేను పేపరు మడిచి, "చూశావా, బస్సే లేదు, రింగెక్కడిది? ఆపెయ్ దాన్ని" అన్నాను.

"బస్సు లేకున్న నర్సమ్మ కొడ్తది సార్." దవాఖానా నంబరు తిప్పాడు. చప్పుడు లేదు. "లైను సచ్చింది. జీపు గావాలె."

"ఒక్క లైనుకు జీపా? వాన తగ్గాక రేపు చూద్దాం."

"రేపటిదాంక ఆమెకు పని బడదని మీరు రాసిస్తరా?"

"నేనెందుకు రాసిస్తాను?"

"గట్లయితె ట్రిప్ షీటు మీద సంతకం బెట్టుండ్రి."

పెట్టను అన్నాను. అతను టెర్మినల్ ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, బజరు ఆపే మీట మీద అరచెయ్యి మూసి. నేను లేచి వెళితే ఆ చెయ్యి తీయలేదు.

"ఏంటయ్యా నీ మొండితనం?"

"ఒర్రనియ్యండ్రి సార్. అది ఉత్తగ ఒర్రుతలేదు."

అరగంట. అరగంట సేపు ఆ బజరు నా పుర్రెలో చిల్లు పెట్టింది. ఎదురు హోటలాయన వచ్చి, "ఏందన్న, ఎవరన్న పోయిండ్రా?" అని అడిగి వెళ్లాడు. నేను చెవుల్లో వేళ్లు పెట్టుకుని పేపరు చదవబోయాను. చేతులు లేకుండా పేజీ తిప్పడం కుదరలేదు. చివరికి సంతకం పెట్టాను. దయతో కాదు, ధర్మంతో కాదు. చెవినొప్పితో పెట్టాను.

జీపు నడిపింది డ్రైవరు. పక్కన కూర్చుంది అతను. నేను ఆఫీసులోనే ఉన్నాను, పేపరు పూర్తి చేశాను. ఈ మాట నేను రాతలో పెట్టడం ఇదే మొదటిసారి.

వాగు దగ్గర జీపు ఆగిపోయిందట. తీగెల మీద చెట్టు కూలి అక్కడే కనిపించిందట. కానీ అతను తీగెల జోలికి పోలేదు. డ్రైవర్ని ఇవతలే ఉండమని, ప్యాంటు పైకి మడిచి, మోకాళ్ల లోతు నీళ్లలో, అవును, మోకాళ్లే, నడిచి దాటి దవాఖానాకు వెళ్లాడు. అక్కడ వరండాలో గూడెం నుంచి మోసుకొచ్చిన ఒక కోయ పిల్ల నిన్నటి నుంచి నొప్పులతో ఉంది. బిడ్డ అడ్డం తిరిగింది. నర్సమ్మ పొద్దున్నుంచీ చచ్చిన ఫోను తిప్పుతూనే ఉంది. అందరూ కలిసి మంచం మీద ఆ పిల్లను వాగు దాటించారు. మధ్యాహ్నానికి భద్రాచలం పెద్దాసుపత్రి. సాయంత్రానికి ఆడపిల్ల. తల్లీ దక్కింది.

తీగెలు మర్నాడు కట్టాడు.

నివేదిక నేను రాశాను. "నా ఆదేశాల మేరకు తక్షణమే" అని మొదలుపెట్టాను. ఆ వాక్యానికే ప్రశంసాపత్రం వచ్చింది. అది చూపిస్తే తీరిగ్గా మొత్తం చదివి, "అంతా మంచిగనే ఉంది సార్, మీ చెవుల సంగతి రాయలేదేంది?" అన్నాడు. అంతకుమించి ఒక్కనాడూ దెప్పలేదు. నేను ఆ కథ కొత్తవాళ్లకు చెబుతుంటే దూరంగా నిలబడి వినేవాడు. నీళ్లు మరీ పైకి వస్తే మాత్రం దగ్గేవాడు.

నిరుడు అతని పెద్దకర్మకు కొత్తగూడెం వైపు వాళ్ల కాలనీకి వెళ్లాను. భోజనాలయ్యాక షామియానా కింద పాతవాళ్లం చేరాం. "సార్, ఆ బస్సు అలారం కత చెప్పుండ్రి" అన్నారు ఎవరో. పటంలోంచి అతను చూస్తున్నాడు కాబట్టి నీళ్లు మోకాళ్ల దగ్గరే ఉంచాను, జీపులో నేను లేనని కూడా చెప్పేశాను. ఆ లోటు పూడ్చడానికి, నేను ఓపిగ్గా రూలు చెప్పినా అతను సర్వీసంటే బస్సని పొరబడి ఫారం నింపిన సంగతి బాగా ఉప్పూకారం వేసి చెప్పాను. "పాపం, అమాయకుడు! ఒక మాట అర్థం కాక రాస్తే, ఆ తప్పే రెండు ప్రాణాలు నిలబెట్టింది" అని ముగించాను. అందరూ నవ్వారు. అతని భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

చివరి కుర్చీలో జుట్టంతా నెరిసిన ఒకావిడ నవ్వలేదు. గొంతు విన్నాక గానీ నర్సమ్మని గుర్తుపట్టలేదు.

"తెల్వక రాసిండని ఎవరు జెప్పిండ్రు సార్ మీకు?"

"అతనే చెప్పాడమ్మా. ఆఫీసరు ముందు కూడా అదే చెప్పాడు."

"మొదలు రాసిన ఫారంల దవాఖానా లైను, క్రిటికల్ అని సాఫుగ రాసి మీ చేతికియ్యలేదా? మీరు ఎర్ర పెన్నుతోటి అడ్డంగ కొట్టేసి ఆయన మీదికి ఇసిరేయలేదా? ఓపిగ్గ చెప్పిన్నంటరేంది? ఆ కాయితం పట్టుకొని బస్సెక్కి నా తానకొచ్చిండు. రెండోది నా బల్ల మీదనే రాసిండు, నవ్వుకుంట. 'అక్కా, దవాఖానా అంటె మా సార్ కొట్టేస్తడు, బస్సంటె నవ్వి ఊకుంటడు' అన్నడు."

ఏదో ఒకటి అనాలని, "అంటే సర్వీసంటే ఏమిటో అతనికి..." అని మొదలుపెట్టాను.

"మంచిగ తెలుసు" అంది నర్సమ్మ. "ఆయనకు తెల్వక రాయలే సార్. మీకు తెల్వకుండ రాసిండు."